మేడగదిలో వెచ్చని పరుపు

ఆ వీధిలో మేడమీద గది అంటే అందరికీ హడల్. ఎవరూ లేని మంచం వెచ్చగా ఉంటుందట. "ఆ గదా? వద్దులే బాబూ..." అని మిల్లువాళ్లే గొంతు తగ్గించి చెప్పేవాళ్లట.

మా పెదనాన్న వింటేగా! అద్దె చవక అనగానే ఎగిరి గంతేసి దిగిపోయాడు. నూలు మిల్లులో కొత్త కొలువు మరి. "నెల తిరక్కుండా తోక ముడుచుకుని వస్తావు చూడు" అన్న మా తాత మాట ఆయన చెవిలో జోరీగలా మోగుతూనే ఉంది. చచ్చినా వెనక్కి వెళ్లకూడదు!

ఇంటావిడ తాళంచెవి ఇస్తూ అంది — "రాత్రి మిల్లు కూత వినబడ్డాకే మెట్లెక్కు నాయనా. మూలనున్న ట్రంకుపెట్టె జోలికి పోకు. కూతకి ముందు... అది తిరుగుతూ ఉంటుంది."

"ఏది?"

"అడక్కు."

మొదటి రాత్రి అలిసిపోయి వచ్చి మంచం మీద వాలాడు — పరుపు వెచ్చగా ఉంది! అప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు... దీపం ఎత్తి చూస్తే దిండు మీద నల్లటి వేలిముద్రలు. నేల మీద చాప పరుచుకుని, గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. కునుకు పడితే ఒట్టు.

రోజూ అదే వరస. పగలు మిల్లులో నిలబడే తూలేవాడు. మేస్త్రి భుజం పట్టుకుని ఊపేశాడు. "చెయ్యి మిషన్లో పడితే ఎవడ్రా జవాబు? ఇంకోసారి కునికావో, మూటాముల్లె సర్దుకో!"

ఓ సాయంత్రం మిల్లులో కరెంటు పోయింది. కూత లేకుండానే అందరినీ ఇళ్లకి పంపేశారు. పెదనాన్నకి మొండిధైర్యం వచ్చింది. నిద్ర లేక ఉద్యోగం పోగొట్టుకునే కన్నా దెయ్యం చేతిలో పోవడమే నయం! ఒక్కో మెట్టూ... ఒక్కో మెట్టూ...

తాళం లేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాడు. చీకట్లో మంచం మీద ఏదో ముసుగుతన్ని పడుకుంది. గురక పెడుతోంది. దెయ్యాలు గురక పెడతాయా?

"ఎ... ఎవరు?"

ముసుగు దిగ్గున లేచి కూర్చుంది. పెదనాన్నని చూసి కెవ్వుమంది — "దెయ్యం! దెయ్యం!"

పెదనాన్నా అరిచాడు. కిందనించి లాంతరుతో పరుగెత్తుకొచ్చిన ఇంటావిడ ఇద్దరినీ చూసి నాలిక్కరుచుకుంది. "ఉన్నది ఒక్క మంచం నాయనా... పగలొకరికీ రాత్రొకరికీ ఇచ్చాను. ముందే చెబితే ఒప్పుకుంటారా?" ఇద్దరూ ఎదురుపడకుండా దెయ్యం పుకారు పుట్టించింది కూడా ఆ మహాతల్లే.

ఆ ముసుగులోవాడు ప్రెస్సులో రాత్రి డ్యూటీ కుర్రాడు. మూలనున్న ట్రంకుపెట్టె వాడిదే. వేళ్లనిండా సిరా. "గదినిండా ఆ దూది నీదా? శవం ముక్కులో దూది అనుకుని హడలి చచ్చానురా బాబూ!" అన్నాడు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

పెళ్లిళ్లయ్యేదాకా ఆ గది వదల్లేదు. ఒకడు లేచేవేళకి ఇంకొకడు వచ్చేవాడు. "దూదీ" అని వాడూ, "సిరా" అని ఈయనా పిలుచుకునేవారు. "చలికాలంలో పరుపు వెచ్చజేసి పెట్టి పోయేవాడ్రా" అని పెదనాన్న ఇన్నేళ్లూ మాకు చెబుతూనే ఉన్నాడు.

మొన్న వానల్లో సిరా పోయాడు. కబురు విన్న రోజునించీ పెదనాన్నకి మళ్లీ నిద్ర లేదు. మాత్రలు మింగినా అంతే. ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరగడమే. పెద్దమ్మ విసిగిపోయి మనవరాలి గదిలో పడుకుంటోంది.

ఓ రాత్రి అలాగే వరండాలో తిరిగి తిరిగి వచ్చి, మంచం మీద చెయ్యి వేశాడు...

పరుపు వెచ్చగా ఉంది.

ఈసారి చాప వెతుక్కోలేదు. "డ్యూటీకి బయల్దేరావట్రా..." అని గొణిగి, ఆ వెచ్చదనంలో ముడుచుకుని పడుకున్నాడు.

బారెడు పొద్దెక్కినా లేవకపోయేసరికి పెద్దమ్మ కంగారుగా వచ్చింది. చూస్తే హాయిగా గురక! తట్టి లేపి, దిండు వైపు చూసి చిరాకుపడింది. "నిన్ననే కదండీ గలీబు మార్చాను? ఏమిటీ నల్ల వేలిముద్రలు? ఇలా ఇవ్వండి, ఉతకాలి."

పెదనాన్న దిండు గుండెకి హత్తుకున్నాడు.

"ఉండనీవే," అన్నాడు.