మాట్లాడని ఇప్పక్క

అడవి అంచు ఊరు తోంగ్‌పాల్‌లో, లాడ్జి గదిలో కల్యాణికి తుపాకీ గుండు తగిలింది ఉదయం ఎనిమిదికి. ఏజెంట్ చక్రి చేరింది ఎనిమిదీ పదికి. సిమ్ కార్డులమ్మే వేషం, సంచిలో జామర్, జేబులో ఆమెను అరెస్టు చేసే ఆర్డరు.

నిన్నటి బ్రీఫింగ్‌లో చీఫ్ మాటలు కొన్నే. "కల్యాణి డబుల్ ఏజెంట్. ఇప్పుడు పూర్తిగా విదేశీ ముఠా మనిషి. రేపు ఆమె చాట్‌బాట్ పువ్వు ఏరే ఆడవాళ్లందరినీ ఒకచోటికి పిలుస్తుంది. అక్కడ బాంబు. ఆపు."

ఆ బాట్ పేరు ఇప్పక్క. ఇప్పపువ్వు ఏరే నాలుగు వేలమందికి ఫోన్లో ధర చెబుతుంది. కల్యాణి రెండు నెలలు వాళ్ల మధ్య కూర్చుని తయారుచేసింది. కిలోల అంకెలు తీసేసి, వాళ్లు పువ్వు కొలిచే గిన్నె, పైలి, బొమ్మ పెట్టింది. తెరకు ఒక్క బొమ్మ, ఒక్క గొంతు. కలిసి ట్రైనింగ్ తీసుకున్న రోజుల్లోనూ, వాడేవాళ్లకు తగ్గట్టే చెయ్యాలని ఆమెది ఇదే పాట, చక్రి నవ్వేవాడు.

"పువ్వు రాలిందా?" లాడ్జిలో కొనఊపిరితో ఉన్న ఆమెను చక్రి కోడ్ అడిగాడు.

"తెల్లారకముందే." జవాబు సరైనదే. అయినా అతను నమ్మలేదు.

"వాళ్లను పిలిచే మెసేజ్ పంపింది నువ్వేనా?"

"ముఠావాళ్లు తలకు తుపాకీ పెట్టి పంపించారు... డిజైన్ చూడు చక్రీ." అంతే, కళ్లు నిలిచిపోయాయి.

ఆమె ఫోన్ తెర మీద ఆ మెసేజ్: చీమతలంత అక్షరాలు, తొమ్మిది ఆప్షన్లు. బొమ్మ లేదు, గొంతు లేదు. బోనస్ కోసం పన్నెండింటికి జగర్గుండా ఊరి గోదాముకు రావాలట. ఇంత చెత్త పని ఆమెదేనా అనుకుంటూ జీపెక్కాడు. చీఫ్ పంపిన టీమ్ ఇంకా సుక్మా దాటలేదు.

పన్నెండుకు నిమిషం ఉందనగా గోదాములోకి అరుస్తూ దూరాడు. ఒక్కరూ లేరు. ఎదురింటి ముందు కోసే అనే ముసలమ్మ పూలు ఆరబోస్తోంది. ఆమెను గోడ వెనక్కి లాగాడు. బాంబు పేలి గోదాము కప్పు లేచిపోయింది. చచ్చినవాళ్లు ఎవరూ లేరు.

"మెసేజ్ రాలేదా అమ్మా?" చక్రి అడిగాడు.

"వచ్చింది బాబూ, ఏందో అక్షరాలు. ఇప్పక్క రోజూ పైలి చూపెట్టి మాట్లాడతది. ఇయ్యాల మాట్లాడలే. పానం బాగలేదేమో అనుకుని మా ఊరోళ్లం ఎవరం నొక్కలే. అక్కకు నయమైందా?"

చక్రి ఆ పూల పక్కనే కూలబడి ఏడ్చాడు. ఎవరూ రాకూడదనే ఆమె ఆ డిజైన్ చెడగొట్టింది, ఆఖరి మాటలో అదే చెప్పింది. నమ్మనిది తనే.

సాయంత్రం రిపోర్టు ఫారంలో, బాట్ మెసేజ్‌కు స్పందించినవారి సంఖ్య అనే గడి వచ్చింది. సున్నా అని రాశాడు. పన్నెండేళ్ల సర్వీసులో ఏ గడిలోనూ అంత మంచి అంకె వేయలేదు.