ఎడమ పక్క నల్లపట్టీ

మిట్టమధ్యాహ్నమే ఆ గదిలో చీకటి చేశారు. కిటికీలకు రెండు పొరల నల్ల పరదాలు వేశారు. తలుపు కింద సందులో మడతపెట్టిన గోనెసంచి కుక్కారు. బయట ఎండ ఫెళ్ళున కాస్తుంటే, లోపల ఎవరి చెయ్యి వాళ్ళకే కనపడటం లేదు.

"చీకటి ఎంత చిక్కగా ఉంటే బొమ్మ అంత బాగుంటుంది సార్," అన్నాడు ప్రొజెక్టరాయన, నిచ్చెన మీద నుంచి. యాభై దాటిన భారీ మనిషి. నోట్లో టార్చి పెట్టుకుని సీలింగుకు బ్రాకెట్ బిగించాడు. "కాస్త నిచ్చెన పట్టుకోండి. నేను పడితే నాకు స్పేర్ పార్టులు దొరకవు."

ఇంటాయన నిచ్చెన పట్టుకున్నాడు. ఆయనది కళ్ళద్దాల దుకాణం. ముప్ఫై ఏళ్ళుగా జనం చూపు కొలిచి అద్దాలు అమర్చినవాడు. ఫ్రేము వెంట్రుకవాసి వంగినా ఊరుకోడు. అలాంటివాడి భార్యకు ఇప్పుడు కంటి నరం ఎండిపోతోంది. దానికి ఏ అద్దమూ పనిచేయదు. ఇంకో ఆర్నెల్లు చూపు ఉంటే గొప్ప అన్నాడు డాక్టరు.

అందుకే ఈ కొత్త ప్రొజెక్టరు. పాతది పదహారేళ్ళ నాటిది. బొమ్మ చిన్నది, వెలుగు తక్కువ. బల్బు పోతే ఎక్కడా దొరకలేదు. ఈసారి గోడకు పదడుగుల వెడల్పు తెర వేయించాడు. ఆమె అడిగింది ఒక్కటే. "చిన్నదాన్ని పెద్దగా చూడాలండీ. చూపు ఉండగానే."

చిన్నది బతికి ఉంటే ఇప్పుడు ఇరవై ఆరేళ్ళది. నాలుగేళ్ళప్పుడు పెరటి నీళ్ళతొట్టిలో పడిపోయింది. పిల్ల కదులుతూ కనపడే బొమ్మ ఇంట్లో ఒక్కటే ఉంది. పెరట్లో పెద్దమ్మాయి బడిలో నేర్చిన పద్యం చెబుతుంటే ఆయన తీసిన వీడియో. అందులో పసుపు గౌను వేసుకుని చిన్నది కుడి పక్క నుంచి పరిగెత్తుకొస్తుంది, గిర్రున ఒకసారి తిరుగుతుంది, ఎడమ పక్కకు పోతుంది. మొత్తం పదకొండు సెకన్లు. ఆ తర్వాత నాలుగు నిమిషాలూ పెద్దమ్మాయే, సిగ్గుతో కళ్ళు గట్టిగా మూసుకుని పద్యం చెబుతూ.

ఎడమ పక్కనే తొట్టి. ఆ పూట కడగడానికని మూత తీసి ఉంది.

ఆవేళ వంటింట్లోంచి ఆమె కంగారుగా వచ్చి, "పిల్ల మీ దగ్గర లేదా?" అని అడిగితే, ఆయన నోట్లోంచి ఒక్క మాట వచ్చింది. "నీ దగ్గరికే కదా పంపాను!"

పంపలేదు. చొక్కా పట్టుకుని "నన్ను కూడా తియ్యి నాన్నా" అని పిల్ల గునుస్తుంటే, బొమ్మకు అడ్డం వస్తోందని ఎడమ చేత్తో అవతలికి నెట్టాడు. అంతే చేశాడు. చేసింది చెప్పి ఉంటే ఏ మనిషైనా అర్థం చేసుకునేవాడు. ఆయన చెప్పలేదు. పైగా మైకు పాడైందని చెప్పి వీడియోలో మాటలన్నీ చెరిపేశాడు. ఇరవై రెండేళ్ళుగా చుట్టాలు అడిగింది ఆమెనే. కన్నతల్లి సైతం అడిగింది, "వంటింట్లోకి వచ్చిన పిల్లని చూసుకోలేదుటే?" అని. కుక్కరు మోతలో పిల్ల పిలుపు వినపడలేదేమో అని ఆమె తనను తానే తిట్టుకుంటూ బతికింది. ఆయన పక్కనే కూర్చుని విన్నాడు. తన బరువు ఇంకొకరి నెత్తిన పెట్టి తోడుగా నడిచేవాణ్ణి మంచివాడనడానికి వీల్లేదు. లోకం మాత్రం ఆయన్ని మంచి మొగుడనే అంది.

ప్రొజెక్టరాయన నిచ్చెన దిగి, ఇంటావిడ వచ్చి కుర్చీలో కూర్చున్నాక మిషను వేశాడు. తెర మధ్యలో పెరడు వెలిగింది. రెండు పక్కలా నల్లగా ఉండిపోయింది.

"పాత వీడియో కదమ్మా, చదరంగా తీసింది. తెరేమో వెడల్పు. అందుకని అటు పదిహేను అంగుళాలు, ఇటు పదిహేను నల్లపట్టీలు మిగులుతాయి. కావాలంటే సాగదీసి తెరంతా నింపేస్తా. కాకపోతే సన్నవాళ్ళు కూడా నాలాగా తయారవుతారు."

ఆమె చాలా రోజులకు నవ్వింది. "వద్దు నాయనా. నా పిల్లని సాగదీయకు." తెర అంచు వైపు వేలు చూపించి అడిగింది, "ఆ నలుపులో ఏముంటుంది?"

"ఏముంటుందమ్మా? తీయనిది ఎలా వస్తుంది? కెమెరా చూసినంత మటుకే బొమ్మ."

ఇంటాయన ఉంగరం వేలు రుద్దుకున్నాడు.

స్పీకర్ల వైరు పొట్టిగా వచ్చిందని, దుకాణం నుంచి ఇంకోటి తెస్తానని ప్రొజెక్టరాయన వెళ్ళాడు. తలుపు మూసుకుంది. గోనెసంచి మళ్ళీ సందులోకి జరిగింది.

"వెయ్యండి," అంది ఆమె.

"ఆయన రానీ."

"పిల్లని చూసుకోవడానికి వైరెందుకండీ? ఎలాగూ మాటలు లేవుగా."

వేశాడు. మిషను లోపలి ఫ్యాను సన్నగా ఊపిరి తీసినట్టు మోగుతోంది. పెద్దమ్మాయి కళ్ళు మూసుకుంది. కుడి పక్క నుంచి పసుపు గౌను వచ్చింది. ఇంత పెద్దగా ఎప్పుడూ చూడలేదు. మోకాలి మీద మట్టి, ఊడిపోయిన జడ రిబ్బను... గిర్రున తిరిగింది. ఆమె రెండు చేతులూ ముందుకు చాచింది. ఎనిమిది... తొమ్మిది... పది...

పదకొండు.

పిల్ల బొమ్మ అంచు దాటింది. నల్లపట్టీలోకి వెళ్ళింది.

కానీ పోలేదు.

నలుపులో పసుపు కనపడుతోంది. ముందు మసకగా, నీళ్ళ అడుగున ఉన్న గుడ్డలాగా. తర్వాత కాస్త తేటగా. ఆయన కళ్ళు నులుముకున్నాడు. గదిలో వాసన వేసింది. పాచి వాసన... చాలాకాలం మూత వేసి ఉంచిన నీళ్ళ వాసన. ఆ తొట్టిని మర్నాడే మట్టి పోసి పూడ్పించాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ పెరట్లో నీళ్ళు నిలవలేదు.

నలుపులో పిల్ల తలెత్తి ఎవరినో అడుగుతోంది. పెదాలు కదులుతున్నాయి. చేత్తో ఎవరి చొక్కానో లాగుతోంది.

అప్పుడు కింది నుంచి ఒక చెయ్యి వచ్చింది.

మగ చెయ్యి. ఎడమది. పిల్ల భుజం మీద పడి అవతలికి తోసింది. వేలికి ఆకుపచ్చ రాయి ఉంగరం ఉంది.

ఆయన రిమోటు నొక్కాడు. ఆగలేదు. మళ్ళీ నొక్కాడు.

"ఏమండీ..." ఆమె గొంతు గుసగుసగా వచ్చింది. "ఆ ఉంగరం మా నాన్న పెట్టింది కదూ?"

ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం పోల్చలేని కళ్ళు ఆమెవి. ఆ రాయి రంగు మాత్రం పోల్చాయి.

పక్కనే ఆయన చేతి కోసం తడుముతున్న ఆమె చెయ్యి తగిలింది. ఆమె వేళ్ళు ఒక్కొక్క వేలూ దాటుకుంటూ ఉంగరం దగ్గర ఆగాయి.

"నీ దగ్గరికి రాలేదు," అన్నాడు. "నేనే నెట్టాను. అడ్డం వస్తోందని... నీ దగ్గరికి రానే లేదు."

బొమ్మలో పెద్దమ్మాయి పద్యం చెబుతూనే ఉంది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండు అనిపించింది ఆయనకు.

"ఇరవై రెండేళ్ళు," అంది చివరికి. "పిలిచినా పలకలేదని నా మీద అలిగి పోయిందనుకున్నానండీ." ఆయన చెయ్యి వదిలేసింది. "మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ వేస్తే ఆయనకు వట్టి నలుపే కనపడింది. ఆమె మాత్రం అటే చూస్తూ, "నిలబడింది," అంది మెల్లగా. "మనకేసే చూస్తోంది."

వారం తర్వాత ప్రొజెక్టరాయన మళ్ళీ వచ్చాడు. బొమ్మ పక్కకు జరిగిందని ఇంటాయనే పిలిపించాడు. టేపు పెట్టి చూస్తే ఎడమ పట్టీ పదిహేను అంగుళాల నుంచి ఆరుకు వచ్చింది. కుడి పట్టీ ఇరవై నాలుగైంది.

"మీరేమైనా కదిపారా సార్?"

"నేను ముట్టుకోలేదు."

ప్రొజెక్టరాయన నిచ్చెనెక్కి మరలన్నీ చూశాడు. ఒక్కటీ వదులు కాలేదు. లెన్సు సరిగ్గా తను పెట్టిన గీత మీదే ఉంది. ఇంకో సినిమా వేస్తే తెర నిండా సరిగ్గా వచ్చింది. పెరటి వీడియో వేస్తే మళ్ళీ ఎడమకు. కిందికి దిగి ముఖం తుడుచుకున్నాడు. ఈసారి జోకు వెయ్యలేదు.

"మధ్యకు జరపనా అమ్మా?"

"వద్దు నాయనా," అంది ఆమె, చీకట్లోంచి. "దాన్ని మళ్ళీ నెట్టొద్దు."

ప్రొజెక్టరాయన సామాను సంచిలో సర్దుకుని, ఇస్తానన్న డబ్బు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఇంటాయన రోజూ కొలిచాడు. కొలవడం ఆయనకు అలవాటు. అదొక్కటే ఆయన చేతిలో మిగిలింది. నాలుగు అంగుళాలు. రెండున్నర. ఒకటి. తర్వాత పట్టీయే లేదు. మర్నాటికి బొమ్మ తెర అంచు దాటి గోడ మీదికి వచ్చింది. సున్నం మీద పెరటి గడ్డి మసకగా కదిలింది. ఆమె కుర్చీని తెరకు ఎడమ పక్కన, గోడకు ఆనించి వేయించుకుంది. ఆయనతో మాట్లాడటం మానలేదు. అన్నం తిన్నారా, మందు వేసుకున్నారా అని అడుగుతూనే ఉంది. ఏమండీ అని పిలవడం మాత్రం మానేసింది.

ఇవాళ మధ్యాహ్నం ఆయన టేపు పట్టుకుని గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బొమ్మ అంచుకూ ఆమె కుర్చీ చేతికీ మధ్య జానెడు ఉంది. తలెత్తి చూస్తే ఆమె ఒళ్ళో మడతపెట్టిన తువ్వాలు కనపడింది. చిన్నది. బీరువా అడుగున దాచిన పాత పిల్లల తువ్వాలు.

"ఇదెందుకు?" అన్నాడు.

"తడి తలతో వస్తుంది కదా," అంది ఆమె.

తీసి లోపల పెడదామని ఆయన తువ్వాలు మీద చెయ్యి వేశాడు.

ఒక కొస అప్పటికే తడిసి ఉంది.