తొంభై ఆరు డిగ్రీల దగ్గర

"కాడి ఉందా, గోళ ఉందా?"

ఫోన్‌లో చీఫ్ దేవిదాస్. ఆర్మూర్ మార్కెట్‌లో ఇది మామూలు బేరమే. పసుపు కొమ్ముల్ని కాడి అంటారు, గుండ్రటి దుంపల్ని గోళ అంటారు. ఏజెంట్ నాగేందర్‌కూ చీఫ్‌కూ మధ్య మాత్రం కాడి అంటే మన మనిషి, గోళ అంటే శత్రువు. ఫోన్లు ఎవరో వింటున్నారని తెలిసినప్పటి నుంచి ఇద్దరికీ ఇదే భాష.

"కాడి ఇంకా చేతికి రాలే సార్."

"గోళ దిగింది. పొద్దు గూకకముందే కాడిని జాగల పెట్టాలె."

లైన్ కట్.

కాడి అంటే శేఖర్. గల్ఫ్ కొలువులని చెప్పి కుర్రాళ్లను పట్టుకుపోయి సైబర్ మోసాలు చేయించే విదేశీ ముఠాలో మారువేషంలో చేరి, సాక్ష్యంతో పారిపోయి వచ్చిన ఏజెంట్. ఈ చుట్టుపక్కలే దాక్కున్నాడు. అడ్రస్ అతని దగ్గర్నుంచి చీఫ్ ద్వారా వచ్చిన సీక్రెట్ ఫైల్‌లో ఉంది. ఆ కోడ్ విప్పగల మెషీన్ ఒక్కటే. కమీషన్ దుకాణం మేడ మీద, ఎర్ర లైట్ల కీబోర్డుతో వెలుగుతున్న గేమింగ్ ల్యాప్‌టాప్.

అదేమో ఫైల్ సగం తెరుచుకోగానే తొంభై ఆరు డిగ్రీలకు చేరి ఠప్పున ఆరిపోతోంది. పొద్దున్నుంచీ ఇదే వరస.

"మళ్ల పాయె!" మేఘన నుదురు కొట్టుకుంది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, పసుపు కొనడానికి వచ్చిన సేఠ్ భార్య వేషం. నాగేందర్ పార్ట్‌నర్. ఆమె నవ్వితే అతను ట్రైనింగ్ అంతా మర్చిపోయేవాడు.

"పసుపు దుమ్మే," అన్నాడు నాగేందర్. కింద పాలిష్ డ్రమ్ము తిరుగుతోంది, గదంతా పచ్చటి పొడి. స్క్రూలు విప్పి చూస్తే లోపలి ఫ్యాన్ పండగపూట గడపలా ఉంది. బ్లోయర్‌తో ఊదాడు. థర్మల్ పేస్టు మార్చాడు. కింద ఇటుకలు పెట్టి ఎత్తాడు. ఆన్ చేశాడు.

తొంభై ఆరు. ఠప్.

నాగేందర్ కుర్చీలో కూలబడ్డాడు. శేఖర్ చచ్చిపోతాడు, తను ఇక్కడ స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటాడు. అంతే, ఇంకేం లేదు.

"జర ఇంకోసారి చూడు నాగేందర్. వాని పానం పోతది," బతిమాలి మేఘన కిటికీ దగ్గరకు వెళ్లింది.

ఈసారి అతను ఫైల్ జోలికి పోలేదు. అయినా మెషీన్ కాగుతోంది. ఏ పనీ చెప్పకుండా ఎందుకు? టాస్క్ మేనేజర్ తెరిచాడు. అన్నిటికన్నా పైన ‘కూలింగ్ బూస్టర్’. వేడి తగ్గుతుందని పోయిన వారం మేఘనే వేసింది. నెట్ తీశాడు, వేడి దిగింది. పెట్టాడు, మళ్లీ ఎగబాకింది.

స్క్రీన్ మీద కనిపించే ప్రతిదాన్నీ అది ఎక్కడికో పంపుతోంది. ఆ చాకిరీకే మెషీన్ మరుగుతోంది. అడ్రస్ తెరుచుకుని ఉంటే ఈపాటికి శేఖర్ శవమయ్యేవాడు. నాగేందర్ గుండె కలుక్కుమంది. ఇది మేఘన పని అని నమ్మలేక కాదు, ఇంత తేలిగ్గా నమ్మగలిగినందుకు.

"కిందికెల్లి టేబుల్ ఫ్యాన్ తెస్తవా?" అన్నాడు మామూలుగా.

ఆమె మెట్లు దిగగానే ఒక ఉత్తుత్తి ఫైల్ తయారుచేశాడు. చీఫ్‌కు ఫోన్ చేశాడు. "సార్, గోళ వేల్పూర్ పోతది. పాత బీడీల గోదాంల కాంటా పెట్టుండ్రి." కాంటా అంటే వాళ్ల భాషలో మాటు.

మేఘన వచ్చి ఫ్యాన్‌ను రెండు చేతులా పట్టుకుని ల్యాప్‌టాప్‌కు గాలి కొట్టించింది. అతను ఫైల్ నొక్కాడు. తొంభై మూడు. తొంభై నాలుగు. తొంభై అయిదు. ‘వేల్పూర్, పాత బీడీల గోదాం.’

ఠప్.

"చదివినవా?" అన్నాడు.

"చదివిన." నవ్వింది. "నేను బండి తెస్త, నువ్వు మెల్లగ రా."

ఆమె తిరిగి రాలేదు. ఆ కబురు ముఠాకు చేరిందో లేదో తెలియదు. ల్యాప్‌టాప్ ఎన్నిసార్లు నొక్కినా లేవలేదు. పాలిష్ డ్రమ్ము ఆగిపోయింది, ఎండ తగ్గింది. నాగేందర్‌కు ఆశ కూడా తగ్గుతూ వచ్చింది.

చీకటి పడుతుండగా చీఫ్ స్వయంగా మెట్లెక్కి వచ్చాడు.

"గోళ, గదే ముఠా షూటర్, దొరికిండు. దొంకేశ్వర్‌ల ఇల్లిల్లు దేవులాడుకుంట శేఖర్ ఉన్న తలుపు దాకా పోయిండట. తలుపు కొట్టబోతుంటే వాని ఫోన్ మోగింది. ఎన్కకు మళ్లి వేల్పూర్ ఉరికిండు, మనోళ్ల చేతుల పడ్డడు. కాడి మన చేతికొచ్చింది. వాని ఫోన్‌కు వచ్చిన నంబర్ మేఘనది. గా పిల్లను బస్టాండ్‌ల పట్టుకున్నరు."

నాగేందర్ లేచి చీఫ్‌కు కుర్చీ జరిపాడు.

"ఖుషీ గాకు. ముఠా ఇంకో ఇద్దరిని పంపిందట. నీకు కొత్త ల్యాప్‌టాప్ ఇస్తం, కొత్త పార్ట్‌నర్‌ను గుడ."

నాగేందర్ చల్లారిన ల్యాప్‌టాప్ మీది పసుపును చేత్తో తుడిచాడు.

"రెండూ వద్దు సార్, గిదే బాగు చేసుకుంట. మన డిపార్ట్‌మెంట్‌ల చచ్చినా నోరిప్పనిది గిదొక్కటే."