గన్నేరు మంత్రం

మిట్టమధ్యాహ్నం...! సూర్యుడు నడినెత్తిన జ్వలించవలసిన వేళ... కారుమేఘాలు ఆకాశాన్ని కబళించాయి! పశువుల కొట్టం మీది రేకులు దడదడలాడుతున్నాయి. దూలం మీద గుడ్లగూబ ఒకటి పగలన్న జ్ఞానం కూడా లేకుండా కర్ణకఠోరంగా కూసింది!

కొట్టం నడుమ సిమెంటు నేల మీద బూడిదతో గీసిన వలయం... అందులో ఒక కపాలం... దాని కంటిగుంతల్లో నిప్పుకణికలు! ఆ కపాలం పక్కనే, స్తంభానికి తాళ్లతో బిగించిన ఒక స్త్రీ! ఆమె ఎదుట, ఎర్రగా కాలిన ఇనుపకడ్డీ పట్టుకుని వికటాట్టహాసం చేస్తున్నాడు పుర్రెసామి!

ఆ నవ్వు చూసి ఎవరైనా వాణ్ణి మహా మాంత్రికుడనుకోవచ్చు. ఎంత మాత్రమూ కాదు! వాడు వశీకరణం ప్రయోగిస్తే వీధికుక్క కూడా తల తిప్పి చూసేది కాదు. ఉచ్చాటన మంత్రంలో సగం అక్షరాలు మరచిపోయి, ఆ ఖాళీల్లో దగ్గేవాడు. గడ్డమూ, కపాలమూ, బొంగురు గొంతూ... ఇవే వాడి సమస్త క్షుద్రవిద్య!

కొన్నాళ్ల క్రితం వాడు బలికోసం నల్లదూడ కావాలంటూ ఈ కొట్టానికే వచ్చాడు. ఇక్కడ పాలవ్యాపారం నడిపే అక్కాతమ్ముళ్లలో అక్క, అంటే ఇప్పుడు స్తంభానికి కట్టి ఉన్న ఆ స్త్రీయే, అప్పుడు పేడ ఎత్తుతోంది. వాడి మాట పూర్తిగా వినకుండానే చేతిలోని చీపురు తిరగేసింది. పేడచీపురు దెబ్బలు తింటూ, పంచె ఎగ్గట్టుకుని, కపాలాన్ని చంకలో ఇరికించుకుని, వీధంతా చూస్తుండగా పరుగెత్తాడు మహానుభావుడు!

"నీ కొట్టంలో మృత్యువు నాట్యం చేస్తుందే!" అని దూరం నుంచి అరిచాడు. దగ్గర్నుంచి అరిచే ధైర్యం లేదు మరి.

మారణ ప్రయోగం చేశాడు. ఆవులు నిక్షేపంగా నెమరేశాయి! మళ్లీ చేశాడు. చుక్కావు మరింత పాలిచ్చింది! ఇక లాభం లేదని, రోడ్డు పక్కన గులాబిరంగు పూలతో విరగబూసిన గన్నేరు కంచె దగ్గరికి పోయాడు. కొమ్మలు విరిచి, ఆకు సన్నగా తరిగి, ఎవరూ లేని సమయంలో కొట్టం వెనకున్న మేతకుప్పలో కలిపేశాడు. ఇదీ వాడి మంత్రం! ఇదీ వాడి తంత్రం!

చుక్కావు చొంగలు కారుస్తూ కూలిపోయింది. ఆ తర్వాత బూడిదావు... ఆ తర్వాత వంకరకొమ్ముది...! భీతిల్లిన తమ్ముడు ఆ పుర్రెసామి కాళ్ల మీదే పడ్డాడు. "మీ అక్కను శాకిని ఆవహించింది. నాలుక మీద వాత పెట్టకపోతే కొట్టమంతా శ్మశానమే!" అన్నాడు వాడు. నమ్మాడు తమ్ముడు! సొంత అక్కను తన చేతులతోనే స్తంభానికి కట్టాడు!

కడ్డీ ఆమె పెదవుల దగ్గరికి రాబోతుండగా, పశువుల డాక్టరమ్మ వానలో తడుస్తూ లోపలికి వచ్చింది. చేతికి తొడుగులు ఇంకా అలాగే ఉన్నాయి.

"ఆగండి! పొద్దున చచ్చిన ఆవు కడుపు కోసి చూశాను. దాన్ని చంపింది గన్నేరాకు! మేతలో ఏం కలిపారయ్యా?"

"పెరట్లో మందార కొమ్మలు కొట్టి వేశానండీ. అంతే," అన్నాడు తమ్ముడు బిక్కచచ్చిపోయి.

"మందార గంపెడు తిన్నా ఏమీ కాదు. అవిసాకు, మునగాకు వేస్తే ఇష్టంగా తింటాయి. గన్నేరు అట్లా కాదు. పిడికెడు చాలు, అంత ఆవుకీ గుండె ఆగిపోతుంది. ఆకు ఎండినా విషమే."

"చేదు కదండీ... ఎట్లా తింటాయి?"

"చెట్టునుంటే వాసన చూసి వదిలేస్తాయి. సన్నగా తరిగి గడ్డిలో కలిపితే, ఏరి పారెయ్యడానికి వాటికి చేతులున్నాయా?"

డాక్టరమ్మ కట్లు విప్పబోయింది. పుర్రెసామి కడ్డీని ఆమె ముఖం మీదికి ఝళిపించాడు. "అడుగు వేశావా, రక్తం కక్కుకుంటావ్! ఒరేయ్, నువ్వు కదిలినా అంతే!"

తమ్ముడు కదల్లేదు.

అక్క తమ్ముడి వంక చూసింది. "వీడు దొంగని నాకు ముందే తెలుసురా. నువ్వింత పిరికివాడివని మాత్రం తెలీదు."

పుర్రెసామి, గుట్టు బయటపడిన ప్రతి దొంగలాగే గొంతు పెంచాడు. "మహాశక్తీ! కపాలేశ్వరీ! ఈ పశువుల్ని నువ్వే బలి తీసుకున్నావని వీళ్ల ముందు చెప్పవే! రా...! రా...!"

ఫెళఫెళారావంతో పిడుగు పడింది!

కపాలంలోని కణికలు ఆరిపోయాయి. అక్క శిరస్సు ఒక్కసారిగా వాలిపోయి, తిరిగి లేచింది... ఆ కళ్లల్లో నల్లగుడ్డు లేదు! తాళ్లు దారప్పోగుల్లా తెగిపడ్డాయి. ఆమె కంఠంలోంచి వెలువడిన స్వరానికి కొట్టం పునాదులు కంపించాయి!

"వచ్చాను... చెప్పమన్నావుగా, చెబుతాను. ఇన్నేళ్లు పిలిచినా నేనెందుకు రాలేదో తెలుసా? నీ మీద కోపంతో కాదురా... రోతతో! కట్టేసిన నోరులేని జీవాలకు ఆకు తినిపించి, ఆ చావులకు నా పేరు పెడతావా? నేనింత దిగజారానా?"

"తల్లీ... నీ దాసుణ్ణి...!"

"నాకు దాసులుండాలన్నా, వాళ్లకో అర్హత ఉండాలి!"

పుర్రెసామి పారిపోబోయాడు. తను నిలబడ్డ బూడిద వలయం దాటలేకపోయాడు! గాలిలో గోడ ఉన్నట్టు వాడి నుదురు ఠంగుమంది. అప్పుడు...

బూడిద మీద ఒక గిట్ట గుర్తు పడింది!

ఆవు లేదు... గుర్తు మాత్రమే! దాని పక్కన మరొకటి... ఇంకొకటి...! ఆ గుర్తులు నలువైపుల నుంచీ, తొందరేమీ లేనట్టు, వాడి వైపు నడిచొచ్చాయి. వేడి ఊపిరి వాడి మెడకు తగిలింది. కనిపించని కొమ్మేదో వాడి పక్కటెముకల్ని నెమ్మదిగా ఒత్తింది. "అమ్మా...!" అన్న వాడి ఆర్తనాదం ఉరుములో కలిసిపోయింది. కపాలం పిండిపిండైంది. ఆ తర్వాత పుర్రెసామి కూడా...!

వాన వెలిసింది. అక్క నేల మీద కూర్చుని, నిద్ర లేచినదానిలా మణికట్లు రుద్దుకుంటోంది. డాక్టరమ్మ ఆమె నాడి పట్టుకుని చూస్తోంది. తమ్ముడు వెక్కి వెక్కి ఏడుస్తూ పాదాల మీద పడబోతే, అక్క కాళ్లు వెనక్కి లాక్కుంది.

"ఏడుపు తర్వాత. ముందు ఆ మేతంతా గోతిలో పూడ్చు. తొట్లు కడిగి, కొత్త గడ్డి కోసుకురా."

"మరి... ఈ శవం, అక్కా?"

ఆమె వలయం వంక ఒకసారి చూసి, ముఖం తిప్పేసుకుంది.

"వాడికేం తొందర? ఆవులు పొద్దుట్నుంచీ పస్తున్నాయి."