నాలుగింటి మెసేజ్

"టెస్టులో రెండో గీత కూడా వచ్చింది చీఫ్."

ఫోన్ అవతల ఉన్నది ఏలర్ట్ నెస్సె. రహస్య విభాగానికి అధిపతి ఆయన.

"వేషం కోసం గీత గీసుకున్నావా, నిజంగానే వచ్చిందా?"

"నిజంగానే."

ఏజెంట్ తోరున్ హౌగె మంచం అంచున కూర్చుని చేతిలోని టెస్ట్ కిట్ వైపు గుర్రుగా చూసింది. నార్వేలోని బెర్గెన్ రేవు పక్కనున్న ఆ హోటల్‌ను మునిసిపాలిటీ కోవిడ్ రోగులకు ఇచ్చేసింది. తోరున్ అందులో రోగి వేషంలో దిగింది. ఆమె బాల్కనీకి ఎదురుగా, చేపల కొట్టు పై అంతస్తులో, ఒక విదేశీ ముఠా ఆఫీసు ఉంది. వేషం వేసుకుని వచ్చిన చోట రోగమే వచ్చి కూర్చుంది.

"బూస్టర్ వేయించుకున్నావా?"

"వచ్చే వారం వేయించుకుందామని..."

"అందరిదీ వచ్చే వారమే!" నెస్సె విసుక్కున్నాడు. "గది దాటకు. నీ పని విబెకె చేస్తుంది."

"విబెకేనా? ఆ ముఠా జీతమూ తీసుకుంటోంది చీఫ్, మన జీతమూ తీసుకుంటోంది!"

"అందుకే వాళ్లు తలుపు తీస్తారు."

సాయంత్రం నాలుగింటికి ఆ ఆఫీసులోని మెషీన్ ఆరోగ్య శాఖ పేరుతో ఊళ్లోని వృద్ధులందరికీ మెసేజ్ పంపబోతోంది. మూడో డోసు రద్దయిందనీ, ఇంట్లో టెస్టు నెగెటివ్ వస్తే ఇక ఏ భయమూ లేదనీ అందులో ఉంది. మెషీన్‌ను ఆపితే ముఠా మరో ఊరి నుంచి పంపుతుంది. అందుకే నిజమైన మెసేజ్ ఉన్న పెన్‌డ్రైవ్‌ను గుట్టుగా దానికి తగిలించాలి. మెషీన్ తన చేతులతోనే నిజం పంపాలి.

మధ్యాహ్నానికి తోరున్‌కి జ్వరం తగిలింది. దుప్పటి కప్పుకుని, బైనాక్యులర్స్ పట్టుకుని బాల్కనీలో కూర్చుంది.

"ఏం చూస్తున్నావమ్మా, ఓడలా?" పక్క బాల్కనీ నుంచి ఆస్లాక్ పలకరించాడు. ఓడల్లో వంటవాడిగా చేసి రిటైరైన మనిషి. భార్య గుడ్నీకి అంటకూడదని ఇల్లు వదిలి ఇక్కడికి వచ్చాడు.

"అవునండీ, ఓడలే."

"గురువారం నెగెటివ్ వచ్చింది, హాయిగా పాటల బృందానికి వెళ్లి గొంతెత్తి పాడొచ్చాను. శనివారం పాజిటివ్! ఇంక దేన్ని నమ్మమంటావు?"

తోరున్ బైనాక్యులర్స్‌ను ఎదుటి ఆఫీసు మీదికి తిప్పింది. చెవిలోని చిన్న స్పీకర్‌లో విబెకె గొంతు వినబడుతోంది. ఎర్రకోటు వేసుకుని, ముఠా వాళ్ల తలుపు దగ్గర నిలబడింది.

"హెర్రింగ్ చేప తాజాగా ఉందా?" లోపలి నుంచి ఒక మగ గొంతు.

"శనివారం పట్టిందే." అదే కోడ్. తలుపు తెరుచుకుంది.

ఆ వెంటనే చెవిలో నిశ్శబ్దం. విబెకె మైకు తీసేసింది.

"విబెకె! పలుకు!"

తోరున్ స్పీకర్‌ను చెవికి ఇంకా అదుముకుంది. విబెకె వాళ్లకి అమ్ముడుపోయిందా? నాలుగు కావస్తోంది. తోరున్ కోటు తొడుక్కుని, పిస్తోలు జేబులో వేసుకుని తలుపు ఓరగా తీసింది. వరండాలో ఒక నిండు గర్భిణి గది గదికీ సూప్ గిన్నెలు పెడుతోంది. తోరున్‌కి దగ్గు తన్నుకొచ్చింది. అరచేత్తో నోరు అదిమిపెట్టుకుని తలుపు మూసేసింది. గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చుండిపోయింది. పిస్తోలు ఉంది, శిక్షణ ఉంది, శత్రువు వీధికి అవతలే ఉన్నాడు. చేయగలిగింది మాత్రం ఏమీ లేదు.

పక్క బాల్కనీలో ఫోన్ టింగుమంది.

ఒక్క ఉదుటున బయటికి వచ్చింది. "ఆస్లాక్ గారూ! ఏం వచ్చింది? చదవండి!"

"ఉండమ్మా, కళ్లజోడు..." ఆయన జేబులన్నీ తడుముకున్నాడు. "ఆఁ... అరవై ఐదు దాటినవాళ్లంతా మూడో డోసు..."

"మూడో డోసు?"

"...వెంటనే వేయించుకోండి. టెస్టు నెగెటివ్ వచ్చినా జలుబు, దగ్గు ఉంటే ఇంట్లోనే ఉండండి."

తోరున్ రెయిలింగ్ పట్టుకుని కళ్లు మూసుకుంది. కిందికి రెండు పోలీసు బళ్లు వచ్చి ఆగాయి. చేపల కొట్టు మెట్ల మీంచి ఎర్రకోటు నింపాదిగా దిగుతోంది. చెవిలో మళ్లీ ఆ గొంతు.

"లోపల ఒళ్లంతా తడిమారు. ముందే తీసి గుమ్మం బయట దాచేశాను మైకు. నమ్మలేదు కదూ నన్ను?"

"లేదు."

"మంచి పని చేశావు. పడుకో ఇక."

తోరున్‌కి నవ్వొచ్చింది, ఆ వెంటే దగ్గొచ్చింది. పక్కన ఆస్లాక్ భార్యకు ఫోన్ కలుపుతున్నాడు.

"గుడ్నీ, నీకూ వచ్చిందా? తుడిచెయ్ దాన్ని. దొంగ మెసేజ్‌లు వస్తున్నాయని రేడియోలో వారం నుంచీ మొత్తుకుంటున్నారుగా. ఇదీ అలాంటిదే. నువ్వెక్కడికీ కదలకు."

"ఆస్లాక్ గారూ, అది నిజమైనదే! ఆవిణ్ణి వెళ్లి వేయించుకోమనండి!"

ఆయన ఫోన్‌ను అరచేత్తో మూసి ఇటు తిరిగాడు. "నీకెలా తెలుసు?"

ఏం చెప్పగలదు? హోటల్ రిజిస్టర్ ప్రకారం ఆమె గాజుసామాన్లు అమ్మే మనిషి. అసలు సంగతి బయటపెట్టకూడదని ప్రమాణం చేసిన మనిషి.

"నాకు... తెలుసండీ."

ఆస్లాక్ జాలిగా తల ఊపాడు.

"ఈ రోజుల్లో తెలియంది ఎవరికమ్మా?" అంటూ లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు.