మేఘన చదవని కోడ్

"అమ్మా, కోడ్ వచ్చింది!"

వరిగడ్డిలో మాగేసిన చిన్నరసాల మామిడిపళ్లు తొక్కకుండా గెంతుతూ మేఘన ఫోన్ అందుకుంది. అమ్మ సాయిలక్ష్మి పెరట్లో అట్టపెట్టెలకు టేపు వేస్తోంది.

వాళ్లింట్లో ఇది రోజూ ఉండేదే. ఆర్డర్ల మీద పళ్లు పంపే అమ్మ ఖాతాతో పాటు నాన్న మామిడి కొట్టు ఖాతా కూడా అమ్మ నంబరు మీదే ఉంది. నాన్న కొట్లో లాగిన్ అయినప్పుడల్లా కోడ్ ఇంట్లో అమ్మ ఫోన్‌కి వస్తుంది. కొట్లోంచి ఫోన్ చేస్తారు. దగ్గర్లో ఉన్నవాళ్లు గట్టిగా చదివేస్తారు.

ఫోన్ మోగింది.

"నాన్నగారి కొట్లోంచి పాపా. కోడ్ చెప్పమ్మా, లోడు ఆగిపోయింది."

కొత్త గొంతు. అయినా మేఘన గడగడా చదివేసింది.

కాసేపటికి అమ్మ ఆర్డర్ల యాప్ నొక్కింది. తెరుచుకోలేదు. వేరే ఫోన్‌లో వాడుతున్నారని వచ్చింది.

"కోడ్ ఎవరికి చెప్పావే?"

"కొట్లోంచి అన్నారమ్మా..."

అమ్మ లోపలికొచ్చి గడ్డిలోని రసాలు నొక్కి చూసింది. పళ్లు పంపాల్సిన చిరునామాలన్నీ అందులోనే ఉన్నాయి. గదంతా పండిన వాసన.

"పండు మనకోసం ఆగుతుందా తల్లీ?" అంది. తిట్టినా బాగుండేదనిపించింది మేఘనకి.

కంపెనీవాళ్లతో మాట్లాడి ఖాతా తిరిగి తెచ్చుకునేసరికి చాలా పళ్లు మెత్తబడిపోయాయి. అమ్మ ఏరుతుంటే మేఘన బకెట్ పట్టుకుంది.

"ఎవరికీ చెప్పొద్దని మెసేజ్‌లోనే ఉందమ్మా. నేను అంకెలే చూశాను."

"రోజూ అరిచి చదివి నీకు నేర్పింది నేనేగా" అంది అమ్మ.

మర్నాడు మళ్లీ కోడ్ వచ్చింది. వెంటనే ఫోన్.

"నేనమ్మా, రాయప్పని. నాన్నగారు లారీ దగ్గరున్నారు. కోడ్ చెప్పు."

నాన్న గుమాస్తా. బాగా తెలిసిన గొంతు. మొదటి అంకె నోటిదాకా వచ్చి ఆగింది.

"చెప్పను బాబాయ్. నాన్నని రమ్మను."

"ఓహో! నా భుజాలెక్కి తోటంతా తిరిగినప్పుడు లేదే ఈ అనుమానం! ఇప్పుడు దొంగనైపోయానా?"

మేఘనకి ఏడుపొచ్చింది. "కాదు బాబాయ్. అయినా చెప్పను."

కాసేపటికి నాన్న బండి వాకిట్లో ఆగింది. వెనక రాయప్ప. ఇద్దరూ చెమటలు కక్కుతున్నారు. నాన్న తన ఫోన్‌లో మళ్లీ లాగిన్ నొక్కాడు. ఇంట్లో ఫోన్‌కి కొత్త కోడ్ వచ్చింది.

"ఇంత ఎండలో రప్పించావుగా. ఊఁ, చదువు" అన్నాడు విసుగ్గా.

మేఘన చదవలేదు. ఫోన్ తెచ్చి నాన్న చేతిలో పెట్టింది.

"నువ్వే చూసుకో నాన్నా."

రాయప్ప నవ్వుకుంటూ, అంకెలు తనకి కనబడకుండా వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.