పదహారో పిన్ను

పదకొండు గంటలకు తెర మీద మొదటి స్లయిడ్ పడుతుంది. పడిన క్షణంలో హాలు పేలిపోతుంది. దాన్ని ఆపడానికి చీఫ్ ఎంచుకున్న ఏజెంటు డిపార్ట్‌మెంటు మొత్తానికి పిరికివాడు.

ఏం చేస్తాం, ప్రొజెక్టర్లు విప్పడం వచ్చినవాడు అతనొక్కడే. చీకటంటే భయమని తాళాల గుత్తికి బుల్లి టార్చి తగిలించుకు తిరిగేవాడు. అందుకే అందరికీ అతను టార్చి. చీఫ్ బ్రీఫింగ్ మూడు ముక్కల్లో ముగించాడు. బాంబు ప్రొజెక్టర్లో ఉంది. స్లయిడ్ రిమోట్ ముఠా మనిషి దగ్గరుంది. జనం కదిలితే ముందే నొక్కేస్తాడు.

హాల్లో నూట ఇరవై మంది విదేశీ ప్రతినిధులు. వాళ్ల మాటలు తర్జుమా చేసే గాజు గదిలో టార్చి సొంత అక్క.

మెకానిక్ వేషంలో వెళ్లిన అతన్ని వరండాలో నల్లకళ్లద్దాల సుందరి ఆపింది. ముఠాలో ఇంజనీరు, ఏడాదిగా మనకు రహస్యాలు అందిస్తున్న డబుల్ ఏజెంట్. ఈ సర్క్యూట్ గీసింది ఆమే. కోడ్‌వర్డ్ చెప్పుకున్నారు. “పదహారో పిన్ను వాడనిది. దానికి తీగ కనిపిస్తే తెంచెయ్, అంతే,” అంది.

పది గంటల యాభై రెండు. టార్చి ప్రొజెక్టర్ మూత తీశాడు. దీపాలు వెలిగించే ఎల్ఈడీ డ్రైవర్ చిప్‌కున్న పదహారు దీపం పిన్నుల్లో పదిహేను దీపాలకు పోయాయి. పదహారో దాని నుంచి వెంట్రుకంత తీగ అడుగునున్న పొట్లంలోకి దిగింది. కటర్ పెట్టాడు. చెయ్యి ఎంత వణికిందంటే కటర్ జారి లోపల పడింది. తాళాల గుత్తి టార్చి వెలిగించి దానికోసం వెతుకుతుంటే చిప్ అవతలి వైపు రెండో తీగ కనిపించింది.

అది దీపం పాడైతే కబురు చెప్పే ఫాల్ట్ పిన్ను నుంచి పొట్లంలోకే దిగింది. ఈ చిప్‌కు ఓ చాదస్తం ఉంది: ఏ పిన్ను ఖాళీ అయినా దీపం పోయిందనుకుని ఫాల్ట్ పిన్నుకు కబురు పెడుతుంది. వాడని పిన్నుకు ఆ చెకింగ్ ముందే ఆపెయ్యాలి. ఇక్కడ ఆపలేదు. పదహారో తీగ తెంచితే పొట్లం అప్పుడే పేలుతుంది; ఫాల్ట్ తీగ ముందు తెంచినా అంతే. సర్క్యూట్ గీసినామెకు ఇది తెలియకుండా ఎలా ఉంటుంది?

“తెంచావా?” చెవిలోని రిసీవర్లో ఆమె గొంతు.

“తెంచుతున్నా మేడమ్.” వెంటనే చానల్ మార్చి చీఫ్‌కు రెండు మాటల్లో ఆమె సంగతి చెప్పాడు.

ఖాళీ పిన్నుకు ఏదో ఒక దీపం చూపించాలి. తాళాల గుత్తిలోని టార్చిని పళ్లతో పగలగొట్టి, అందులోని ఎర్ర ఎల్ఈడీ పీకాడు. పొడుగు కాలు ప్లస్‌కు, పొట్టి కాలు పదహారో పిన్నుకు. సోల్డరింగ్ ఐరన్ వేలిని కాల్చినా కిక్కురుమనలేదు. అద్దం అవతల అక్క హెడ్‌ఫోన్ సర్దుకుంటోంది. ఆమెను ఒక్కసారి చూసి, కళ్లు గట్టిగా మూసుకుని పదహారో తీగ తెంచాడు.

ఏమీ కాలేదు. ఆ వెంటనే రెండో తీగా తెంచాడు.

సరిగ్గా పదకొండుకు తెర తెల్లగా వెలిగింది. పొట్లం నోరెత్తలేదు. అతని వేళ్ల దగ్గర ఎర్ర దీపం మాత్రం వెలిగి, పక్క గోడ మీద చుక్కలా పడింది. టార్చి నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మెట్ల దగ్గర చీఫ్ మనుషులు నల్లకళ్లద్దాల సుందరిని పట్టుకున్నారు. అప్పుడే నొక్కిన రిమోట్ ఆమె హ్యాండ్‌బ్యాగులోనే దొరికింది.

టీ విరామంలో అక్క వచ్చింది. ఆమెకు ఏమీ తెలియదు.

“బాగుచేశానన్నావు. గోడ మీద ఆ ఎర్రచుక్క ఏంట్రా?”

“వాడని పిన్నక్కా.”

“వాడనిదైతే ఎందుకు వెలుగుతోంది? ఏ పనీ సరిగ్గా చెయ్యవు కదా.”